శివారు మడి మాట

ఊత్తుకోట సరిహద్దున నిలిచి, పదుగురు కూడి చేయు నిర్ణయములను గూర్చి ఒక ఆలోచన

చెన్నపట్టణము నుండి పెరియపాళెము మీదుగా తిరుపతికి పోవు పాత బాటలో, ఆరణి నది ఒడ్డున, తమిళదేశము ముగిసి తెలుగునేల మొదలగు తావున, రెండు భాషలును ఒకే అంగడిలో ఒకే త్రాసున తూగుచుండు చోట, ఊత్తుకోట యను ఊరు కలదు. ఆ ఊరికి దాపున, తామరకుప్పము కడ, ఒక కాలువ సరిహద్దును దాటి తమిళనాట ప్రవేశించును. ఆ ప్రవేశస్థానమునకు ఇంజనీర్లు పెట్టిన పేరు ‘జీరో పాయింటు’. చూడబోయినవారికి అచట విశేషమేమియు కన్పట్టదు. సిమెంటు పలకలు పఱచిన వాలుగట్లును, నీటిమట్టమును చూపు అంకెల బద్దయు, గట్టుమీద సీమతుమ్మ నీడయు తప్ప వేఱొండు లేదు. అయినను శ్రీశైలమున కృష్ణానదిని వీడి, పోతిరెడ్డిపాడు గడప దాటి, వెలుగోడును సోమశిలను కండలేరును ఒక్కటొక్కటిగ నింపుకొనుచు, పెన్నను కలిసి పెన్నను విడిచి, ఇంత నేలను చుట్టివచ్చిన నీరు, తాను ఎంత వచ్చితినో తుదకు చెప్పుకొనవలసినది ఈ బద్ద యెదుటనే.

కండలేరు తూము వద్ద విడిచిన నీరు వేఱు, ఇచటికి చేరిన నీరు వేఱు. నడుమ 152 కిలోమీటర్ల దారి యున్నది. ఎండ కొంత త్రాగును. నేల కొంత త్రాగును. గట్టు ప్రక్కన పైరు వాడిపోవుచున్న రైతు రాత్రివేళ మోటారు పెట్టి కొంత తోడుకొనును. పత్రికలలో రెండంకెలును ప్రక్కప్రక్కనే అచ్చగుచుండును: విడిచినది ఇంత, చేరినది ఇంత అని. ఒప్పందమునకు ప్రమాణము ఆ రెండవ అంకెయే.

ఏండ్ల తరబడి ఈ కాలువగట్టున నడచుచు, సంస్థలను గూర్చియు సభలను గూర్చియు తలపోసినప్పుడెల్ల ఈ రెండంకెలే నా మనసున మెదలుచుండును. కార్యాలయములలో, కర్మాగారములలో, పాఠశాలల పాలకవర్గములలో, దేవాలయ ధర్మకర్తల సమావేశములలో జరుగు నిర్ణయములను మనము తలతూము వద్దనే కొలుచుచున్నాము: సభ ఎంత శీఘ్రముగ ముగిసినది, ఎందఱు చేయెత్తిరి, అధ్యక్షులవారి మాటకు ఎదురు లేకుండెనా అని. ఆ నిర్ణయము కాలువ వెంట పాఱి, దానిని అమలు జరుపవలసిన కట్టకడపటి మనుష్యుని చేతికి ఎంత చేరినదని కొలుచువారు అరుదు. ఆ మనుష్యుని మాటను నిర్ణయమునకు ముందే వినువారు అంతకన్నను అరుదు.

మా ఊరి చెరువు పెద్దది కాదు. ఆయకట్టు మూడు తూముల క్రింద పాఱెడిది. ఈశాన్యపు వానలు వెలిసి, కలుజు పాఱి, మార్గశిరము వచ్చుసరికి ఊరివారు చావడి ముందఱ కూడి, ఆ యేట ఎన్ని ఎకరములు నాటవలెను, తూము ఎన్నడు తెఱవవలెను, నీటివంతు ఎట్లు త్రిప్పవలెనని తేల్చుకొనెడివారు. పెద్దకాపు గట్టి మనిషి. ఆయన తన అభిప్రాయమును ముందు చెప్పినచో రెండవవాడు నోరు మెదపడని ఊరందఱికి తెలియును, ఆయనకును తెలియును. కావుననే కాబోలు, తువ్వాలు దులిపి అరుగుమీద కూర్చుండగనే, ‘‘ముందు శివారోళ్ళు చెప్పండిరా. తూముకింద వాళ్ళకేమి, చెరువు చూస్తేనే కడుపు నిండతాది’’ అనెడివాడు. వారి తరువాత నీరుగంటి. ఆ తరువాత నడిమి మళ్ళవారు. తూము ప్రక్కన మంచి నేల గల కామందుల వంతు చాల ఆలస్యముగ వచ్చెడిది. ఆయన మాట అందఱికన్న కడపట.

అది వినయమని నాకప్పుడు తోచెను. పెరిగిన పిదప గాని అందలి యుక్తి బోధపడలేదు. తూము దగ్గఱివాడు చూచునది నిండిన చెరువును. శివారువాడు చూచునది ఎలుకలు తొలిచిన గట్టును, పూడిపోయిన పిల్లకాలువను, నిరుడు నీరందక పొట్టమీద ఎండిన తన వరిని. ఇద్దఱును చూచినది సత్యమే; కాని మొదటివాని సత్యము ఎల్లఱ కన్నులకును కనబడునది, రెండవవానిది వాడు చెప్పిననే గాని తెలియనిది. అమెరికా దేశపు మనశ్శాస్త్రవేత్తలు గారొల్డ్ స్టాసర్, విలియమ్ టైటస్ అనువారు 1985లో ప్రకటించిన పరీక్షలలో తేలిన సంగతియు ఇదియే. కూడి చర్చించువారు తమలో అందఱికి ముందే తెలిసిన విషయములనే చర్వితచర్వణము గావించుచు, ఒక్కనికి మాత్రమే తెలిసిన విషయమును వెలికి రానీయక, చేజేతుల తక్కువ తరపు నిర్ణయమునకు దిగుచుండిరి. మా పెద్దకాపు ఆ పరీక్షలను ఎఱుగడు. కాని చెరువును ఎఱుగును, మనుష్యులను ఎఱుగును.

మన సామెతలు ఈ వ్యాధిని చిరకాలముగ గుర్తించినవి. పదిమంది చేరిన పాము చావదనుటయు, ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చెననుటయు సమష్టి కార్యమందలి బాధ్యతాలోపమును గూర్చినవే. కాని ఆ సామెతలను పలుకు నోటనే మఱి రెండు వెలువడుచుండును: నలుగురితో చావు పెండ్లితో సమానమనియు, ఊరందఱిది ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి యనియు. మొదటి రెండు పామును చూపుచున్నవి. తక్కిన రెండు, పాము పడగ విప్పుటను చూచినవాని నోరు నొక్కుచున్నవి. ఒంటరిగ వేఱు మాట చెప్పువానికి మన సమాజము పెట్టిన పేరు ఉలిపికట్టె. ఆ పేరు మోయుటకు ఇష్టపడక ఎందఱు బుద్ధిమంతులు సభలలో తల ఊపి ఇంటికి పోయి నిద్రపట్టక దొర్లుచుందురో!

ఈ భయము మన ఒక్క జాతికే చెందినది కాదు. సాలొమన్ ఆష్ అను శాస్త్రజ్ఞుడు 1951లో ప్రకటించిన పరీక్షలో, కొన్ని గీతల పొడవును పోల్చి చెప్పుమని ఒక గుంపును అడిగెను. ముందే కూడబలుకుకొన్న తక్కినవారందఱు పొసగని జవాబు చెప్పగా, నిజముగ పరీక్షింపబడుచున్న ఒక్కరు, తప్పు తమ కన్నులకు కట్టినట్లు కనబడుచున్నను, సుమారు మూడవ వంతు పర్యాయములు గుంపుతోడనే గొంతు కలిపిరి. అయితే నిజము పలుకు మఱియొక్క తోడు దొరకినప్పుడు ఆ లొంగుబాటు మిక్కిలి తగ్గిపోయెను. ఒక్క తోడు చాలును. శివారువాని తరువాత నీరుగంటిని పిలుచుటలోని మర్మము నాకు ఇచట తెలిసినది. కాలువ పొడవునా ప్రతిదినము నడచు నీరుగంటి, శివారువాడు చెప్పినది నిజమైనచో నిజమనును. అంతట వాడు ఉలిపికట్టె కాకపోవును.

నేను కొంతకాలము పనిచేసిన ఒక సంస్థలో, దస్తావేజుల గదిని నది వైపున క్రొత్తగ కట్టిన భవనములోనికి మార్చుటను గూర్చి ఒకనాడు సభ జరిగెను. పైవారు తమ అభిప్రాయమును మొదటనే చెప్పిరి. పావుగంటలో నిర్ణయమయ్యెను. చేయెత్తినవారిలో నేనును ఒకడను. ఆ గదిలో మాకు టీ అందించుచుండిన అటెండరు పుట్టి పెరిగినది ఆ నది ఒడ్డుననే. ఆ యేటి వానలకు పిచ్చాటూరు జలాశయపు గేట్లు తెఱచిన రాత్రి, ఆరణి పొంగి, ఆ గదిలో మోకాలిలోతు నీరు నిలిచెను. తడిసిన కట్టలను ఎండలో ఆఱబెట్టుచు, నీకు ఈ సంగతి ముందు తెలియదా యని నేనడుగగా, ‘‘తెలీకేమయ్యా. మా నాయన కాలం నుంచీ ఆ పల్లం నీళ్ళు బట్టేదే. అడిగిందెవురు?’’ అనెను. అతని గొంతులో కోపము లేదు. అదియే నన్ను మఱింత బాధించెను. ఆ ప్రశ్నకు ఇన్నేండ్లకును నా యొద్ద సమాధానము లేదు.

ఇక కాలువ కథ. మదరాసు నగరపు దాహము ప్రసిద్ధము. నగరమునకు మేయరుగ నుండిన ఎస్. సత్యమూర్తి పూనికతో కొసస్థలి నదిపై పూండి జలాశయము 1944లో సిద్ధమైనను, పెరుగుచున్న నగరమునకు అదియు చాలదయ్యెను. 1976లో కృష్ణాజలములకు హక్కుదార్లయిన మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ రాష్ట్రములు తలకొక 5 టీఎంసీల చొప్పున 15 టీఎంసీలను మదరాసుకు విడుచుటకు సమ్మతించినవి; 1977లో అది ఒప్పందరూపమును దాల్చినది. ఒకే నదికై ట్రిబ్యునలు ఎదుట ఏండ్ల తరబడి వాదులాడిన మూడు రాష్ట్రములు, ఆ నదీ పరీవాహముతో సంబంధమే లేని నాలుగవదాని గొంతు తడుపుటకై తమతమ వాటాలను తగ్గించుకొనుట, ఏ దేశ చరిత్రలోనైనను సామాన్యమైన సంగతి కాదు. ఆ ఔదార్యమునకు నేను చేతులెత్తి నమస్కరింతును.

అయినను అది తలతూము వద్ద జరిగిన నిర్ణయము. కొన్నేండ్లు అది కాగితము మీదనే నిలిచియుండెను. కారణములు పెక్కు ఉండవచ్చును. నా దృష్టికి ముఖ్యముగ తోచునది ఇది. శ్రీశైలము నుండి మదరాసుకు పోవు నీరు దాటవలసిన నేల రాయలసీమ. వానకై ఆకాశమును చూచి చూచి మెడలు పట్టిన రైతుల కన్నుల యెదుట నుండి, వారి చేలను తడపక, దూరపు నగరమునకు నీరు పాఱింతుమనుట న్యాయముగ తోచదు; తోచినను సాగదు. 1983 ఏప్రిలు 18న ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి ఎన్. టి. రామారావు, తమిళనాడు ముఖ్యమంత్రి ఎం. జి. రామచంద్రన్ కుదుర్చుకొన్న ఒడంబడికతో పథకపు స్వరూపమే మాఱిపోయెను. త్రాగునీటితోపాటు కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాలలో సుమారు 5.75 లక్షల ఎకరములకు సాగునీరిచ్చు ప్రణాళికగ అది విస్తరించెను. అంతవఱకు మదరాసు నీటి పథకము. అటు పిమ్మట తెలుగుగంగ. దారిలోని మడివాని ఆకలికి కూడ ప్రణాళికలో చోటు దొరకిన పిదపనే కాలువకు ప్రాణము వచ్చినదని నా నమ్మకము.

ఆ ఒడంబడికలో నాకు మిక్కిలి నచ్చినది ఒక చిన్న తీసివేత. 15 టీఎంసీలలో 3 దారిలో ఆవిరియై ఇంకిపోవునని ముందే ఒప్పుకొని, సరిహద్దున అందవలసినది 12 అని వ్రాసికొనిరి. జూలై మొదలు అక్టోబరు వఱకు 8, జనవరి మొదలు ఏప్రిలు వఱకు 4. నష్టమును ముందుగనే లెక్కించి, పేరుపెట్టి, కాగితముమీద పెట్టిన సభలను నేను ఎక్కువగ చూడలేదు. మన సంస్థలలో ప్రతి పథకమును నూటికి నూఱుపాళ్లు నెఱవేఱునట్లే తీర్మానింపబడును. తరువాత పది తగ్గిన నాడు, ఆ పది ఎవరివలన తగ్గినదను వెతుకులాటలో స్నేహములు చెడును. ముందే ‘ఇంత పోవును’ అని నలుగురి యెదుట చెప్పుకొన్నచోట, పోయినదానికై ఒకని మెడకు ఉరి బిగింపవలసిన పనియుండదు.

1996లో కృష్ణాజలము ఈ సరిహద్దును దాటెను. కాని మట్టిగట్లు కోసికొనిపోయి, పూడిక చేరి, చేరవలసిన నీటిలో చాల భాగము దారిలోనే పోవుచుండగా, 2002లో పుట్టపర్తి సత్యసాయిబాబా ఈ కాలువను బాగుచేయించుటకు పూనుకొనెను. 2004 నాటికి ఆ పని ముగిసి, సిమెంటు పలకల గట్లతో కాలువ క్రొత్తరూపు దాల్చెను. నేటికిని 12 టీఎంసీలు నిండుగ అందని ఏండ్లే తఱచు. కఱవు సంవత్సరములలో విన్నపములును, లేఖలును, ఇంజనీర్ల రాకపోకలును సాగుచునే యుండును. ఐనను ఒక్క మేలు మిగిలినది: ఏల తక్కువైనదను తగవు ఉండవచ్చును గాని, ఎంత చేరినదను తగవునకు చోటు లేకపోయినది. ప్రమాణమును ముందు ఏర్పఱచుకొన్న ఫలమిది.

ఈ సరిహద్దుగీత కూడ అట్టి పద్ధతిలోనే ఏర్పడినది. రాష్ట్రముల పునర్విభజన తరువాత ఆంధ్ర, మదరాసు ప్రభుత్వములు హెచ్. వి. పటాస్కరును మధ్యవర్తిగ అంగీకరించి, గ్రామమును ప్రమాణముగ గైకొని, ఏ గ్రామమున ఏ భాషవారు ఎక్కువయో, ఆ గ్రామము ఏ ప్రక్క నేలతో కలిసియున్నదో చూచి పంచుకొనిరి. 1960 ఏప్రిలు 1 నుండి తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరెను. సత్యవేడు ప్రాంతము ఆంధ్రమున చేరెను. కొలబద్దను ముందు ఒప్పుకొని, ఊళ్ళను తరువాత లెక్కించిరి గనుక, అటు పోయిన ఊరివారి మనసులలో కొంత నొప్పి మిగిలినను, గీత మాత్రము నిలిచినది.

ఊత్తుకోటనుండి నాగలాపురము వైపు ఇంచుక దూరము పోయినచో సురుటుపల్లె. అచట పళ్ళికొండేశ్వరుడు లింగరూపమున గాక, పార్వతి యొడిలో తలనిడి శయనించియుండును. క్షీరసాగరమును మథించునపుడు పుట్టిన హాలాహలమును మ్రింగి, ఆ తాపమునకు సొమ్మసిల్లి విశ్రమించిన చోటిదియని స్థలపురాణము. దేవదానవులు బద్ధవైరులైనను ఒకే త్రాటికి చేరి చిలికిన ఆ కథకన్న సమష్టి కార్యమునకు ప్రాచీనమైన ఉపమానమేదియు నాకు తోచదు. అమృతమునకై అందఱును చేయిచాచిరి. విషము ముందు వచ్చెను. దానికి చేయిచాచినవాడు ఒక్కడు. ఆ గుడిలో నిలిచినప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చునది, ఇచటికి ఈశాన్యమున, పులికాటు సరస్సునకు ఆవల, శ్రీహరికోటలో జరిగిన ఒక ఉదంతము.

1979 ఆగస్టు 10న మన దేశపు తొలి ఉపగ్రహవాహకనౌక ఎస్‌ఎల్‌వీ-3 ప్రయోగమునకు సిద్ధమైయుండెను. దానికి నాయకుడు ఏ. పి. జె. అబ్దుల్ కలాము. అంకెల లెక్కింపు తుదిఘట్టమున గణకయంత్రము ప్రయోగమును నిలిపివేసెను. రెండవ అంతస్తు నియంత్రణ వ్యవస్థలో ఆమ్లము కాఱుచుండుట బయటపడెను. వెనుక కూర్చున్న నిపుణులు లెక్కలు చూచి, కాఱినది స్వల్పమే, మిగిలినది చాలునని ధైర్యము చెప్పిరి. ఏండ్ల శ్రమ, వందలమంది ఎదురుచూపు, దేశము దృష్టి, అన్నియు ఆ క్షణమున ఆ గదిలో పేరుకొనియుండెను. కలాము గణకయంత్రపు మాటను ప్రక్కకు నెట్టి ప్రయోగమునకు ఆనతిచ్చెను. మొదటి అంతస్తు చక్కగ పనిచేసెను. రెండవది అదుపు తప్పెను. నౌక బంగాళాఖాతమున కూలెను. ఆ గదిలోని నిపుణులలో ఎవరును అసమర్థులు కారు, ఎవరును దుర్బుద్ధులు కారు. శివారున నిలిచి నిజము చెప్పినది ఒక యంత్రము; తలతూము వద్దనున్నవారి ఉత్సాహము దానిని వినలేదు.

తరువాత జరిగినదియే ఈ కథను నాకు పూజ్యముగ చేసినది. ఆనాడు విలేకరుల యెదుటకు కలామును నెట్టక, అంతరిక్ష సంస్థాధ్యక్షుడు సతీష్ ధవన్ తానే వచ్చి, వైఫల్యమును తన మీద వేసికొని, తన బృందమునందు తనకు గల విశ్వాసమును ప్రకటించెను. సమీక్షాసభలో తోటివారు సాంకేతిక కారణములను వివరించి, అందఱును తృప్తిపడిన పిదప, కలాము లేచి, ఆమ్లము కాఱుటను స్వల్పమని తలచి ప్రయోగమును నిలుపకపోవుట తన బాధ్యతయని చెప్పుకొనెను. 1980 జూలై 18న అట్టి నౌకయే రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలుపగా, ధవన్ ప్రక్కకు తొలగి, విలేకరులతో మాటలాడు గౌరవమును కలామునకిచ్చెను. విషమును తాను గ్రహించి అమృతమును పంచిన ఆ మహనీయుని పేరునే 2002లో శ్రీహరికోట కేంద్రమునకు పెట్టిరి. పైవాడు నిందను మోయునని నమ్మకమున్న చోటనే క్రిందివాడు తప్పును ఒప్పుకొనును, సందేహమును బయటపెట్టును. ఆ నమ్మకము లేని చోట ఎన్ని సభలు పెట్టినను, ఎన్ని శిక్షణ తరగతులు జరిపినను, పెదవులు మాత్రమే కదలును.

నాలుగు దశాబ్దముల పిదప, 2019 జూలై 15 తెల్లవాఱుజామున, రాష్ట్రపతియే ప్రేక్షకుడై కూర్చుండగా, చంద్రయాన్-2 ప్రయోగము 56 నిమిషములు మిగిలి యుండగా నిలిచిపోయెను. వాహకనౌకలో లోపము కనబడినది, నిలిపివేసిరి, సరిచేసి 22వ తేదీన ప్రయోగించిరి. ఆ వారమున చంద్రుడు ఎక్కడికిని పోలేదు. దేశాధినేత యెదుట ‘ఆగుడు’ అని చెప్పి ఆగగల సంస్థను నిర్మించుటకు, సముద్రమున కూలిన ఆ తొలి నౌక పాఠమైనదని నేను తలతును. దీనికి విరుద్ధమైన కథ అమెరికాలో 1986 జనవరి 28న నడచినది. చలికి రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు బిగుసుకొనునని, ప్రయోగము వలదని, ఆ రాకెట్టును నిర్మించిన సంస్థ ఇంజనీర్లు ముందునాటి రాత్రి మొత్తుకొనిరి. వారి పై అధికారులు విడిగ కూర్చుండి, ఆ అభిప్రాయమును తలక్రిందులు చేసి, సరేయనిరి. చాలెంజరు నౌక 73 సెకనులకు నింగిలోనే చితికి, ఏడుగురు ప్రాణములు పోయినవి.

నిర్ణయించు సభను ఎట్లు కూర్చవలెనను ప్రశ్నకు ఈ తొండైమండలము వేయేండ్లకు పూర్వమే ఒక జవాబు చెక్కి పెట్టినది. కాంచీపురము ప్రాంతపు ఉత్తరమేరూరులో, చోళుడు మొదటి పరాంతకుని కాలమున, క్రీ. శ. 919, 921 సంవత్సరములలో గోడల మీద చెక్కిన శాసనములు నేటికిని చదువదగియున్నవి. ఊరిని ముప్పది కుడుంబులుగ విభజించి, ఒక్కొక్క దానినుండి అర్హుల పేర్లు తాటాకు ముక్కలపై వ్రాసి, కట్టకట్టి కుండలో వేసి, సభయెల్ల చూచునట్లు ఎత్తి, లోపలనేమున్నదో ఎఱుగని ఒక బాలునిచేత తీయించెడివారు. వాడు తీసిన ఆకును అందుకొను మధ్యస్థుడు అయిదు వ్రేళ్లును చాచి, అఱచేయి తెఱచి, అందులో మఱియొక ఆకు దాగి లేదని అందఱికి కనబడునట్లు పుచ్చుకొనవలెను. ఆ చాచిన అయిదు వ్రేళ్లను తలచుకొన్నప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును. ఆ విధముగ సంవత్సర వారియమను కార్యసంఘమునకు పన్నిద్దఱు, తోట వారియమునకు పన్నిద్దఱు, చెరువులను చూచు ఏరి వారియమునకు ఆఱుగురు, 360 దినముల గడువునకు నియుక్తులగుదురు. గడచిన మూడేండ్లలో పనిచేసినవానికి మరల తావులేదు; పూర్వము పదవిలోనుండి లెక్క అప్పగింపనివానికిని, వాని దగ్గఱి చుట్టములకును ఆ కుండలో చోటే లేదు.

ఆ నియమములను మెచ్చుకొనుచునే ఒక మాట చెప్పకతప్పదు. అది బ్రాహ్మణ అగ్రహారపు సభ. పన్ను చెల్లించు నేలయు, సొంత ఇల్లును, వేదాధ్యయనమును కలవారికే అర్హత. చెరువు పూడిక తీసినవాని పేరుగాని, నాటు వేసిన ఆడుదాని పేరుగాని ఆ కుండలో పడలేదు. చేయి ఎంత తెఱచి చాచినను, శివారు మడివాని ఆకు అందులో లేకపోయెను.

ఆ ఆకును కుండలో వేసిన ఘటన మన కాలమున, మన తెలుగునాట, ఒక కర్మాగారమున జరిగినది. జపాను దేశమున 1962లో కవోరు ఇషికావా ప్రోత్సాహమున మొదలైన ‘క్వాలిటీ సర్కిల్’ పద్ధతిని, మన దేశమున 1980లో మొదట ప్రవేశపెట్టినది హైదరాబాదు దాపున రామచంద్రాపురములోని బీహెచ్‌ఈఎల్ కర్మాగారము. దానికి పూనుకొన్నవాడు ఎస్. ఆర్. ఉడ్ప. ఒకే చోట పనిచేయు కొద్దిమంది కార్మికులు, ఎవరి బలవంతమును లేక తమంతట తాముగ కూడి, తమ పనిలో తమకు ఎదురగు చిక్కును తామే ఎన్నుకొని, కారణములను చేపముల్లు ఆకారమున గీసి, పరిష్కారమును తామే పైవారికి విన్నవింతురు. పైనుండి వచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పుట కాదు. ప్రశ్నయే యంత్రము దగ్గఱ పుట్టును. 1982లో సికింద్రాబాదు కేంద్రముగ ఈ ఉద్యమమునకు ఒక జాతీయసంస్థ ఏర్పడెను. ఈనాడు సత్యవేడు చేరువ శ్రీసిటీలో జపానువారి కర్మాగారములు వెలసినవి; ఈ చుట్టుపట్ల పల్లెల పిల్లలు కంపెనీ బస్సులెక్కి అచటికి పోవుచున్నారు. వారి తాతలు చావడిలో శివారు మాట ముందు వినిన మనుష్యులే.

ఈ సంగతులన్నియు చదివి, తలచి, నేను ఒకే ఒక అలవాటు చేసికొంటిని. నలుగురు కూడినచోట నాకు పెద్దఱికమిచ్చినప్పుడు, నోరు తెఱచుటకు ముందు అందఱిచేతను తమ మాటను చీటీపై వ్రాయింతును. చదువు రానివారిని ముందు పలికింతును. నా చీటీని కడపట విప్పుదును. కాలము కొంత ఎక్కువ పట్టును. కొందఱు విసుగుకొందురు. ఆ విసుగును సహింపవలెను.

పోయిన కార్తికమున మా వీథివారము మురుగుకాలువను గూర్చి కూడితిమి. ఎగువ కొసన ఇండ్లున్నవారు, కాలువను వెడల్పు చేయింతుమని, చందా ఎంతయో కూడ నిర్ణయించుకొని వచ్చిరి. వీథి దిగువ కొసన పూలు అల్లి అమ్ముకొను ఒకామె గుమ్మము ప్రక్కన నిలిచియుండగా, ‘‘నువ్వు ముందు చెప్పమ్మా’’ అంటిని. ఆమె కొంగు సవరించుకొని, ఒక్క క్షణము తటపటాయించి, ‘‘కాలవ వెడల్పు చేస్తే ఏం లాభమన్నా? నీళ్ళొచ్చేది ఇటునుంచి కాదు. ఏరు పొంగితే కల్వర్టు కాడినుంచి ఎదురెక్కి వస్తాయి. ముందు మునిగేది మా ఇల్లే, తర్వాతే మీవి’’ అనెను. ఆమె ప్రక్కింటి ముసలాయన అవునన్నట్లు తల ఊపెను. బయట చినుకు పడుచుండెను. ఎవరును చందా మాట మరల ఎత్తలేదు. అందఱమును లేచి, గొడుగులు విప్పుకొని, ఆమె వెంట వీథి దిగువకు నడిచితిమి.